గీత తెగిన చోట

"నా మనసెందుకో కీడు శంకిస్తోందే," అంది తల్లి, టీ గ్లాసు కూతురి కంప్యూటర్ పక్కన పెడుతూ.

"నీ మనసుకి వేరే పనేముందమ్మా? నిన్న పాలు పొంగితే ఇల్లు తగలబడిందన్నావ్."

అంకెల్ని అందరికీ అర్థమయ్యే బొమ్మలుగా గీయడం కూతురి ఉద్యోగం. ఇవాళ మాత్రం ఇంటి పని. తండ్రి ఎత్తయిన క్రేన్ నడుపుతాడు. నెలరోజులుగా చేతి గడియారం లెక్కపెట్టిన ఆయన గుండె వేగాన్ని గ్రాఫుగా గీసి కంపెనీ డాక్టరుకు పంపాలి. అది బాగుంటేనే ఆయన ఇకమీదట పైకెక్కేది.

తెరమీద గీత ఎక్కడా తెగకుండా సాగింది.

"చూశారా, గుర్రంలా ఉన్నాను," అన్నాడు తండ్రి, బూట్ల తాళ్ళు బిగిస్తూ. "మీ అమ్మొక్కతే నన్ను మంచమెక్కించేది."

తల్లి కళ్ళద్దాలు సవరించుకుంది. "ఇక్కడ మరీ ఇంత తిన్నగా ఉందేంటే? స్కేలు పెట్టి గీసినట్టు?"

కూతురు నవ్వబోయి ఆగింది. అంకెలు లేనిచోట కంప్యూటర్ అటు చివరా ఇటు చివరా పట్టుకుని కలిపేస్తుంది. అలా కలపొద్దని చెప్పింది దానికి. గీత అయిదారు చోట్ల తెగిపోయింది. అన్నీ ఆయన క్రేన్ మీదున్న వేళలే.

"గడియారం తీసేశావా నాన్నా?"

"ఛార్జింగ్ పెట్టుంటాను."

"క్రేన్ మీదా?"

"అది కలిపిందిగా! మధ్యలో తెంపడానికి నువ్వెవరు?"

"దానికి నువ్వెవరో తెలీదు నాన్నా. ఖాళీ కనిపిస్తే పూడుస్తుంది, అంతే. ఆ ఖాళీలో ఏం జరిగిందో అడగాల్సింది నేను."

"అడిగి? నన్ను ఇంట్లో కూర్చోబెడతావా?"

"ఇలాగే పంపేస్తా. తెగినచోట నువ్వే ఏదో ఒకటి రాయి," అంటూ కీబోర్డు ఆయన వైపు జరిపింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. తల్లి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది. బయట కంపెనీ బస్సు హారన్ కొట్టింది, కాసేపు ఆగి మళ్ళీ కొట్టింది, వెళ్ళిపోయింది.

ఆయన వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు.

"కళ్ళు తిరిగే ముందు నాకు తెలిసిపోతుంది," అన్నాడు చివరికి, భార్య వైపు చూడకుండా. "అప్పుడు గడియారం తీసి జేబులో వేసుకునేవాణ్ణి. మొన్న బరువు గాల్లో ఉండగా తిరిగాయి. కింద మనుషులున్నారు."