అరవై ఒకటో పేజీ

బుధవారం ఉదయం పది ముప్పై ఐదు.

పన్నుల ట్రిబ్యునల్ రెండో హాలులో బెంచ్ గుమస్తా ఫైలు తెరిచాడు. పేజీలు తిప్పాడు. వెనక్కి వచ్చి మళ్లీ తిప్పాడు. అరవై తరువాత అరవై రెండు ఉంది.

అరవై ఒకటి లేదు.

అది పోస్టాఫీసు వాళ్ల అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు. అరచేతిలో ఇమిడే అట్టముక్క. పన్ను వేస్తూ డిపార్ట్‌మెంట్ పంపిన ఆర్డరు ఏ రోజున చేరిందో, ఎవరు సంతకం పెట్టి అందుకున్నారో దాని మీదే ఉంది. ఆర్డరు అందాక అరవై రోజుల్లో అప్పీలు వేయాలి. అందింది జనవరి ఆరున అంటోంది డిపార్ట్‌మెంట్. కాదు, మార్చి పద్నాలుగున అంటున్నాడు అప్పీలుదారు. అప్పీలు పడింది ఏప్రిల్ ఇరవైన. జనవరి మాట నిజమైతే కేసు వినకుండానే కొట్టేస్తారు. మార్చి మాట నిజమైతే వింటారు.

అదేదో తేల్చాల్సిన కార్డే మాయమైంది.

పది యాభైకి గేటు మూశారు. పదకొండింటికి వరండాలో, నలుగురూ చూస్తుండగా అప్పీలుదారు జేబులు తిరగేయించారు. చేతిరుమాలు, కళ్లద్దాల డబ్బా, ఇంటి తాళంచెవి. ఇంకేమీ లేవు. ఆయన ఎవరివైపూ చూడలేదు. పక్కన నిలబడ్డ భార్య మాత్రం చూస్తున్న ప్రతి మొహాన్నీ తిరిగి చూసింది.

పన్నెండింటికి విజిలెన్స్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. యాభై దాటిన మనిషి. కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చదివే అలవాటు వల్ల విజిలెన్స్ ఆఫీసులో ఆమెను చాటుగా భూతద్దం అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ముందుగా రికార్డ్ కీపర్‌ను కూర్చోబెట్టింది. రిటైర్మెంట్‌కు ఐదు నెలలున్న ఉబ్బస రోగి.

"కార్డు ఎప్పుడొచ్చింది?"

"సోమవారం నాలుగూ పదికి, మేడమ్. డిపార్ట్‌మెంట్ వాళ్లు సీలు కవర్లో ఇచ్చారు. నేనే తెరిచి నంబరేసి ట్యాగుకు గుచ్చాను."

"సంతకం ఎవరిది?"

"చూళ్లేదండీ. నంబరు వేయడం వరకే నా పని."

"ఇవాళ ఫైలు ఎవరెవరు చూశారు?"

ఆయన రిజిస్టరు ముందుకు జరిపాడు. తొమ్మిదీ యాభై నుంచి పదీ ఐదు వరకు అప్పీలుదారు ప్లీడరు. పదీ పది నుంచి పదీ ఇరవై వరకు అప్పీలుదారు. అంతే.

"వాళ్లు చూస్తున్నంతసేపూ మీరు పక్కనే ఉన్నారా?"

రికార్డ్ కీపర్ తల వంచుకున్నాడు. "ప్లీడరు గారు మనవాడే కదా అని నేను పక్క బీరువా సర్దుకుంటూ ఉన్నానండీ. మేస్త్రీ, అదే ఆ అప్పీలుదారు, వచ్చినప్పుడు ఆయాసం తన్నుకొచ్చింది. మందు పీల్చుకోడానికి బయటికెళ్లాను. నాలుగైదు నిమిషాలు."

"అంటే మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు."

"అవునండీ. నా ఉద్యోగం ఊడినట్టేనా మేడమ్?"

ఆమె రిజిస్టరు మూసింది.

అప్పీలుదారును అందరూ మంచాల మేస్త్రీ అనే పిలుస్తారు. వెల్డరుగా మొదలుపెట్టి సొంత షెడ్డు వేసుకున్నాడు. ఆసుపత్రులకు ఇనుప మంచాలు చేస్తాడు. పిడి తిప్పితే తలవైపు లేచే మంచాలు. అవి వైద్య పరికరాలని తక్కువ రేటున పన్ను కట్టాడు. మంచమన్నాక ఫర్నిచరే అంది డిపార్ట్‌మెంట్. నాలుగేళ్ల తేడా కట్టమంది, పైన జరిమానా వేసింది. అప్పీలు గడువులో పడిందో లేదో తేలేదాకా వసూలు మీద స్టే ఇవ్వడం కుదరదంది ట్రిబ్యునల్. సెప్టెంబరులో షెడ్డులోని యంత్రాలన్నీ వేలంలో పోయాయి. పంతొమ్మిది మంది పనివాళ్లు తలో దారి పట్టారు. ఇప్పుడు నవంబరు.

"కార్డు చూశారా?" అంది ఇన్‌స్పెక్టర్.

"చూద్దామనే వెళ్లానమ్మా. అందులో లేదు. ఇంకా పెట్టలేదేమో అనుకున్నా."

"లేదని ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికి చెప్పాలి? అక్కడ మనిషే లేడు. ఈలోగా కేసు పిలుస్తారని పరిగెత్తా."

"ఆర్డరు మీ చేతికి ఎప్పుడొచ్చింది?"

"మార్చి పద్నాలుగు. దేవుడి తోడు."

"ఎవరిచ్చారు?"

"మా బావమరిది. అదే, మా ప్లీడరు. మా ఆవిడ తమ్ముడే. 'బావా, ఆర్డరొచ్చింది, అప్పీలు వేద్దాం' అన్నాడు. పెట్టమన్న చోటల్లా సంతకాలు పెట్టా. వాణ్ని చదివించింది మేమే కదమ్మా, నాకు అనుమానమెందుకుంటుంది?"

ఇన్‌స్పెక్టర్ కలం ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

తరువాత డిపార్ట్‌మెంట్ తరఫు అధికారి వచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇందులో కనుక్కోడానికేముంది మేడమ్? కార్డు పోతే లాభం ఎవరికి? అప్పీలుదారుకే."

"కార్డు మీరు చూశారా?"

"తేదీ చూశాను. జనవరి ఆరు. అదే కదా కావలసింది."

"సంతకం?"

"ఏదో గిలికినట్టుంది. అతనిదే అయ్యుంటుంది."

"అయ్యుంటుందా, అయిందా?"

అధికారి వాలినవాడల్లా నిటారుగా కూర్చున్నాడు. "పోల్చి చూడలేదు."

చివరికి ప్లీడరు. ముప్పై రెండేళ్లుంటాయి. నల్ల కోటు, మంచి బూట్లు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మీరు చూసినప్పుడు కార్డు ఉందా?"

"ఉంది మేడమ్."

"తరువాత?"

"తరువాత బావ వెళ్లాడు." గొంతు సవరించుకున్నాడు. "ఈ మాట నా నోటితో చెప్పాల్సొస్తుందనుకోలేదు. యంత్రాలు పోయినప్పట్నుంచి ఆయన మనసు మనసులో లేదు. కొంచెం దయ చూపించండి."

"మీ సంచి వెతికారా?"

"ప్లీడర్ల గదిలో ఎవరి సంచీ వెతకలేదు."

"సరే. మీరు వెళ్లి కూర్చోండి."

ఒంటి గంటకు ఆమె అన్నం ముట్టకుండా ఫైలు ముందేసుకుంది. మొదటి పేజీ నుంచి చదివింది. ఒకటీ ఇరవైకి కానిస్టేబుల్‌ను పిలిచి చీటీ మీద ఒక అడ్రసు రాసిచ్చి పోస్టాఫీసుకు పంపింది. అతను రెండూ యాభైకి తిరిగి వచ్చాడు.

మూడింటికి అందరినీ రిజిస్ట్రారు గదిలోకి పిలిచారు. మేస్త్రీ, ఆయన భార్య, ప్లీడరు, డిపార్ట్‌మెంట్ అధికారి, గుమ్మం దగ్గర రికార్డ్ కీపర్. ప్లీడరు సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ నిలబడే మాట్లాడింది.

"పొద్దున్నుంచి అందరూ అరవై ఒకటో పేజీ కోసం వెతికారు. రెండో పేజీ ఒక్కరూ చదవలేదు."

ఫైలు తెరిచి చూపించింది.

"ఇది అప్పీలు ఫారం. ఏడో కాలమ్. నోటీసులూ ఆర్డర్లూ పంపవలసిన చిరునామా. కేసు మొదలైన రోజు నుంచీ ఒకటే అడ్రసు. షెడ్డుది కాదు, ఇంటిదీ కాదు. ప్లీడరు గారి ఆఫీసుది."

డిపార్ట్‌మెంట్ అధికారి మెడ చాచి చూశాడు.

"ఆర్డరు షెడ్డుకే వెళ్లిందని మీరంతా అనుకున్నారు. అందుకని కార్డు మీద సంతకం మేస్త్రీదే అనుకున్నారు. పోస్టాఫీసులో డెలివరీ షీటు వేరే ఉంటుంది. ఇదిగో. జనవరి ఆరు, ప్లీడరు ఆఫీసు, ప్లీడరు సంతకం. కార్డు మీదా ఇదే ఉంటుంది."

"అయినా బావకు తెలిసే..." అన్నాడు ప్లీడరు.

"తెలిసుంటే ఇది రాయరు." ఆమె యాభై నాలుగో పేజీ తిప్పింది. వంకర టింకర అక్షరాలతో చేతిరాత అర్జీ. "'ఆ కార్డు తెప్పించి చూడండయ్యా, నాకు ఆర్డరు ఆలస్యంగా అందిందని దాంతో తేలిపోతుంది.' మేస్త్రీ స్వయంగా రాసి రిజిస్ట్రీలో ఇచ్చిన కాగితం. దీని మీదే ట్రిబ్యునల్ కార్డు తెప్పించింది. పోయి పోయి తనే అడిగి తెప్పించుకున్న దాన్ని తనే ఎందుకు దొంగిలిస్తాడు?"

"వీడికి చెప్పకుండా నేనే ఇచ్చా," అన్నాడు మేస్త్రీ మెల్లగా. "కోర్టు పనులతో తీరికలేకుండా ఉన్నాడు కదా, ఈపాటి నేను చేయలేనా అనుకున్నా."

"గేటు పది యాభై నుంచీ మూసే ఉంది," అంది ఇన్‌స్పెక్టర్. "జేబులు తిరగేసింది ఈయనవి ఒక్కటే. ప్లీడరు గారూ, మీరు తీస్తారా, నన్ను తీయమంటారా?"

ప్లీడరు సంచిలోంచి లావుపాటి చట్టం పుస్తకం తీశాడు. మధ్యలోంచి అట్టముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"జనవరిలో చేతిలో పనులు ఎక్కువయ్యాయి," అన్నాడు. "కవరు విప్పకుండా ఫైళ్ల కింద పెట్టాను. మార్చి పద్నాలుగున ఇంకేదో వెతుకుతుంటే కనిపించింది. అప్పటికే గడువు దాటింది."

"ఎన్ని రోజులు దాటింది?"

"వారం."

"ఒక్క వారం." రిజిస్ట్రారు అప్పుడు నోరు విప్పాడు. "ఉన్నది ఉన్నట్టు రాసి, తప్పు నాదని అఫిడవిట్ పెడితే అదే రోజు మన్నించేవాళ్లమయ్యా. నెలకు పది వస్తాయి అలాంటివి. స్టే కూడా దొరికేది."

"అక్క ముందు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అక్క బల్ల మీది కార్డునే చూస్తోంది.

నాలుగింటికి బెంచ్ కూర్చుంది. అప్పీలుదారుకు అసలు సంగతి తెలియదు గనుక ఆలస్యాన్ని మన్నించారు. ఇంకో ప్లీడరును పెట్టుకుంటారా అని అడిగితే వద్దన్నాడు మేస్త్రీ. ఫొటోలు చూపించి తనే చెప్పుకున్నాడు. పిడి ఎందుకుందో, చక్రాలకు బ్రేకు ఎందుకుందో, సెలైన్ సీసా కడ్డీ ఎక్కడ బిగుస్తుందో. బెంచ్‌లోని పెద్దాయన డిపార్ట్‌మెంట్ అధికారి వైపు తిరిగాడు.

"మీ ఇంట్లో ఇలాంటి మంచం మీద పడుకుంటారా?"

"లేదండీ."

పన్నెండు నిమిషాలు పట్టింది. పన్ను రద్దు. జరిమానా రద్దు.

"మరి నా యంత్రాలు సార్?" అన్నాడు మేస్త్రీ.

"వేలంలో కొన్నవాళ్లవి అవి. వచ్చిన సొమ్ము తిరిగి అడగొచ్చు. దానికి వేరే అర్జీ పెట్టుకోవాలి. ఇక్కడ కాదు."

నెగ్గినవాడు నెగ్గినట్టు లేడు. మెట్ల దాకా వచ్చి అక్కడే కూలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు కాగితాలతో వచ్చింది. రికార్డు దొంగతనం, ఆర్డరు మార్చిలో అందిందన్న తప్పుడు అఫిడవిట్. ప్లీడరును కానిస్టేబుల్ పక్కన నిలబెట్టారు.

"మార్చి పద్నాలుగున ఆర్డరు ఎలా చేతికొచ్చిందో మీ స్టేట్‌మెంట్ కావాలి," అంది ఆమె మేస్త్రీతో.

"వద్దమ్మా." మేస్త్రీ చేతులు జోడించాడు. "పిల్లలున్నవాడు. కేసు పడితే కోటు ఊడుతుంది. పోయినవి ఎలాగూ రావు. ఇంట్లో మనిషండీ."

"కేసు పెట్టేది ట్రిబ్యునల్. మీరు చెప్పకపోతే బలం తగ్గుతుంది, అంతే."

"తగ్గనీండి. నేను చెప్పను."

"నేను చెప్తాను," అంది ఆయన భార్య.

"అక్కా!"

ఆమె తమ్ముడి వైపు నడిచింది. మరీ దగ్గరగా వెళ్లలేదు.

"కవరు మర్చిపోయావు. ఎవరైనా మర్చిపోతారు. భయపడి దాచావు. అదీ సరే అనుకుంటానురా, చిన్నప్పట్నుంచీ నీకు భయమే. కానీ ఇవాళ పొద్దున ఆయన జేబులు తిరగేస్తుంటే నువ్వు రెండడుగుల దూరంలో ఉన్నావు. కార్డు నీ సంచిలో ఉంది. నిలబడి చూశావు."

అతను ఏదో అనబోయాడు.

"ఆ ఒక్కటీ నావల్ల కాదు," అంది.

మేస్త్రీ ఆమె కొంగు పట్టుకున్నాడు. "నీ తమ్ముడే. రేపు నువ్వే ఏడుస్తావు."

"ఏడుస్తాను. ఇంటికెళ్లి ఏడుస్తాను."

మార్చి పద్నాలుగు సంగతంతా ఆమె చెబితే ఇన్‌స్పెక్టర్ రాసుకుంది. ఆమె కలం తీసుకుంది. సంతకం ఎక్కడ పెట్టాలి అని అడిగింది. ఇన్‌స్పెక్టర్ చూపించింది.

"అలా కాదమ్మా, ముందు మొత్తం చదివి వినిపించండి," అంది మేస్త్రీ భార్య. "చదవకుండా సంతకం పెట్టే మా ఆయన ఇంత దూరం తెచ్చుకున్నాడు."

ఇన్‌స్పెక్టర్ కాగితం ముక్కు దగ్గరకు తెచ్చుకుని, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.