ఒక ఆల్బం, ఒక కాపీ

పొద్దున ఏడుంబావుకు నడక ముగించుకుని వచ్చిన మదన్‌మోహన్, చెప్పులు విడిచి నేరుగా రికార్డుల గదిలోకి వెళ్ళాడు. ఆంప్లిఫయర్ మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది.

పదకొండేళ్ళుగా ఇదే వరస. రాత్రి పడుకునే ముందు తన చేత్తోనే స్విచ్ కట్టేస్తాడు. పొద్దున బస్టాండు దాకా నడిచి, చాయ్ తాగి వచ్చేసరికి పెట్టె వెచ్చబడి ఉంటుంది. వాల్వులతో పనిచేసే పాతకాలం పెట్టె అది, ఒకసారి వేడెక్కిందంటే చల్లారడానికి అరగంట పడుతుంది. కరెంటు ఎక్కడో లీకవుతోందని తనకు తాను సర్ది చెప్పుకునేవాడు. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ముప్పై రెండేళ్ళు పనిచేసి, ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని కుర్రాళ్ళను దబాయించిన మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం కారణం వెతకలేదు. మెకానిక్‌కు చూపించలేదు, భార్యను అడగలేదు. అడిగితే ఆగిపోతుందని భయం.

కొడుకు రితేష్ పంతొమ్మిదేళ్ళ వయసులో హైవే మీద బండి ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే ఈ వెచ్చదనం మొదలైంది. బతికుండగా పదేళ్ళపాటు ఈ గదిలో అడుగుపెట్టని పిల్లవాడు ఇప్పుడు తండ్రి లేని వేళ చూసి వచ్చి పాటలు వింటున్నాడని ఆయన లోలోపల నమ్మాడు. ఈ మాట బయటకు అంటే నవ్వుతారు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

"చాయ్ చల్లగైతుంది, వస్తరా?" వంటింట్లోంచి గ్లోరీ పిలిచింది.

"వస్తున్న. ఇయాల పార్సిల్ వస్తది గ్లోరీ. ఫోన్ మోగితే జర ఎత్తు."

"మళ్ళ రికార్డేనా డాడీ?" కూతురు నందిని టిఫిన్ డబ్బా సర్దుకుంటూ నవ్వింది. ఝరాసంగం స్కూల్లో టీచరు. ఎనిమిదింటి షేర్ ఆటో తప్పితే ఆమె రోజంతా తలకిందులే. "ఇంట్ల మనుషులకు జాగ లేదు గని, రికార్డులకు దొరుకుతది."

"జాగ తక్కువనే కదమ్మా రూల్ పెట్టుకున్న. ఒక ఆల్బం, ఒక కాపీ."

ఆ రూలు ఆయన ఫేస్‌బుక్ పేజీ చూసే నాలుగు వేలమందికీ తెలుసు. పేజీ పేరు 'మోహన్ మోనో'. అరవైల నాటి ఇంగ్లీషు పాప్ ఆల్బంల మీద జహీరాబాద్‌లో కూర్చుని తెలుగులో తీర్పులు చెప్పే మనిషి మరొకరు లేరు. ఆయన లెక్కలో అరవై ఎనిమిదికి ముందు వచ్చిన ఏ రికార్డునైనా మోనోలోనే, అంటే అన్ని శబ్దాలూ ఒకేచోట కలిసి వచ్చేలాగే వినాలి, ఎందుకంటే పాడినవాళ్ళు దగ్గర కూర్చుని కుదిర్చింది అదొక్కటే. స్టీరియో పని మధ్యాహ్నం మిగిలిపోయిన గంటలో ఎవరో అసిస్టెంటు చేసేవాడు: పాట ఒక మూలకు, డ్రమ్ములు ఇంకో మూలకు, పోట్లాడుకుని కూర్చున్న అన్నదమ్ముల మాదిరి. ఇక పాత ఆల్బంలనే మళ్ళీ అచ్చువేసే రీఇష్యూల విషయానికొస్తే, సగం చవితి పందిట్లో మైకుసెట్టు లాగా అరుస్తాయి. చివర్లో బోనస్ పాటలని కలిపేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. పాయసం తాగి చెయ్యి కడుక్కున్నవాడికి మళ్ళీ చద్దన్నం వడ్డిస్తారా అని రాసేవాడు.

ఈ పిచ్చి గ్లోరీ ఇంటినుంచి వచ్చిందే. ఆమె తండ్రి మిషన్ దవాఖానలో కాంపౌండరు. దేశం వదిలి వెళుతూ ఒక దొర డాక్టరు ఆయనకు పెట్టెడు రికార్డులు ఇచ్చిపోయాడు. వాటిని వినడానికని మదన్‌మోహన్ ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. రికార్డులు మొత్తం మూడుసార్లు విన్నాక కూడా రాకపోకలు ఆగకపోయేసరికి కాంపౌండరుకు సంగతి అర్థమైంది. రెండు వైపులా ఆర్నెల్లు గొడవలు పడి, చివరికి పెళ్ళి చేశారు. ఆ పెట్టెలో ఆయనకు అన్నిటికంటే ప్రాణం సాల్ట్ లేన్ ఫైవ్ అనే బృందం అరవై ఆరులో చేసిన ఆల్బం. అట్ట మీద పసుపు గొడుగు బొమ్మ ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరికీ అది గొడుగు రికార్డు.

ఆ రోజు పార్సిల్‌లో వచ్చింది ఆ గొడుగు రికార్డే. అసలు టేపుల నుంచి కొత్తగా, మోనోలోనే అచ్చయింది. మధ్యాహ్నం రెండు వైపులా విన్నాడు. మూడో పాట ఎక్కడా ఆగకుండా సాగిపోయింది. పాత రికార్డులో సరిగ్గా అక్కడ అడ్డంగా పెద్ద గీత ఉంది. ముల్లు దానికి తగులుకుని ఒకే ముక్కను పదే పదే పాడేది. ఆ గీత కనపడ్డప్పుడల్లా ఆయన అరచెయ్యి మండేది. ఆ మంట సంగతి మాత్రం పేజీలో రాసేది కాదు. ఇప్పుడిక అది చూడనక్కర్లేదు.

పాతది సంచిలో పెట్టుకుంటుంటే గ్లోరీ రొట్టె తట్టడం ఆపి చూసింది.

"ఏడికి తీస్కపోతున్రు దాన్ని?"

"జునైద్ రిపేర్ షాపుకు, ఎవరికన్నా అమ్ముతడు. రూల్ రూలే గద."

"అది ఉండనియ్యరాదు? ఎంత జాగ తింటదని?"

"గీత పడ్డదాన్ని పెట్టుకొని ఏం జేస్త? అదే పాట ఇప్పుడు నున్నగ వస్తున్నది."

పెనం మీద రొట్టె మాడిపోయింది. జొన్నరొట్టె మాడ్చే మనిషి కాదు గ్లోరీ.

మర్నాడు పొద్దున ఆయన నడిచివచ్చి చెయ్యి ఆనించాడు. ఆంప్లిఫయర్ చల్లగా ఉంది.

రెండో రోజూ అంతే. మూడో రోజు నడక సగంలో మానుకుని వచ్చాడు. చల్లగానే ఉంది. నాలుగో రోజు అసలు బయటకే పోకుండా వాకిట్లో కూర్చుని, మధ్యమధ్యలో లోపలికి వెళ్ళి పెట్టెను తడిమి చూశాడు. ఎదురుగా కొత్త రికార్డు పసుపు రంగుతో మెరుస్తూ ఉంది. దాని మీద సమీక్ష రాద్దామని కూర్చుంటే ఒక్క వాక్యం రాలేదు. ఏదో చేయకూడనిది చేశానని ఆయనకు అనిపించింది గానీ, అదేమిటో తెలియలేదు.

అయిదో రోజు ఆదివారం. నందిని ఇంట్లోనే ఉంది.

"డాడీ, అమ్మ నాలుగు దినాల సంది సరిగ్గ తింటలేదు. మీకు కనవడుతలేదా?"

"కడుపుల బాగలేదన్నది గద."

"కడుపు కాదు. గొడుగు రికార్డు." నందిని గొంతు తగ్గించింది. "మీరు వాకింగ్ పోంగనే అమ్మ దినాం అది పెట్టుకుంటది. ఒక్క మూడో పాటనే. గీత కాడ ఆగుతది చూడు, అట్లనే ఆగనిచ్చి, కూసొని వింటది. తమ్ముడు పోయినప్పటి సంది. చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది."

మదన్‌మోహన్ కుర్చీ చేయి పట్టుకున్నాడు. పదకొండేళ్ళుగా తనింటికి వచ్చిపోతున్న కొడుకు, కూతురి నాలుగు మాటలతో మళ్ళీ పోయాడు. ఏడవడానికి కూడా లేదు, ఎందుకు ఏడుస్తున్నాడో చెప్పాలి కదా. చొక్కా తగిలించుకుని జునైద్ షాపుకు నడిచాడు.

"అయ్యో సార్, అది పోయె గద!" మిక్సీ విప్పుతున్న జునైద్ లేచి నిలబడ్డాడు. "హైవే మీద కొత్త హోటల్ పెట్టిన్రు, పాతకాలం సామాన్లు కావాలన్నరు. పనికి రాదని మీరే అంటిరి. నేనేం జేయాలె?"

"నడువు, పోదాం."

"హైవేకా సార్? మీరా?" ఆయన పదకొండేళ్ళుగా ఆ రోడ్డెక్కలేదని జునైద్‌కు తెలుసు. మిక్సీ పక్కన పెట్టి స్కూటర్ తీశాడు.

హోటల్లో కొబ్బరి బొండం రంగు వేసిన గోడ నిండా లాంతర్లు, పాత రేడియోలు, సైకిల్ చక్రాలు. వాటి మధ్య, అట్టలోంచి తీసేసిన గొడుగు రికార్డు. మదన్‌మోహన్ అంచు పట్టుకుని మెల్లగా లాగాడు. కదలలేదు. మేనేజరు చంద్రప్ప పరుగున వచ్చాడు.

"లాగకున్రి సార్, గమ్ముతోని అతికిచ్చినం. గోడ పెచ్చు లేస్తది. ఫోటో కావాల్నా? జరుగున్రి, నేను తీస్త."

లైటు కింద ఆ గీత తెల్లగా కనిపిస్తోంది. మదన్‌మోహన్ దాన్ని వేలితో తడిమాడు. ఫోటో వద్దన్నాడు.

ఇంటికి వచ్చేసరికి గ్లోరీ వెనక వరండాలో బట్టలు మడుస్తోంది. ఆయన పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు.

"నందిని చెప్పింది. తెద్దామని పోయిన. గోడకు అతికిచ్చిన్రు, ఇగ రాదు. నాకెందుకు చెప్పలేదు గ్లోరీ? ఒక్క మాట అంటే ఇచ్చేటోన్నా?"

"చెప్తే ఎందుకని అడుగుతరు గద."

"అడుగుత. ఎందుకు? నాకు ఆ గీత చూస్తేనే చెయ్యి మండుతది. తొమ్మిదేండ్ల పోరన్ని ఎట్ల కొట్టిన్నో నాకు ఎరుకే. రికార్డు గీకిండని చెంప వాయగొట్టిన. ఈ గదిల కాలు వెట్టకు అన్న. వాడు పెట్టనే లేదు. ఇయాల కాకుంటె రేపు వాడే వస్తడనుకున్న. పిలిస్తే నా పెద్దరికం ఏం పోతుండె? పిలవలే. పదేండ్లు పిలవలే! కొత్త రికార్డు ఎందుకు తెచ్చిన్ననుకున్నవ్? దాని మీద నా దెబ్బ ఉండదని."

గ్లోరీ చేతిలో చీర జారిపోయింది.

"వాడు గీకలేదు."

"ఏందీ?"

"నేను. పాట పెట్టుకొని దుమ్ము దులుపుతున్న. చెయ్యి తగిలి ముల్లు అడ్డం పోయింది. మీరు డ్యూటీ నుంచి వచ్చుడు, చూసుడు, ఎవరని కేకేసుడు... నేను నోరు తెరిచేలోపట వాడు 'నేనే డాడీ' అన్నడు. మీ చెయ్యి లేచింది. నేను ఆడనే నిలవడ్డ. చూస్కుంట నిలవడ్డ."

మదన్‌మోహన్ ముఖంలో కోపం వచ్చి, నిలవడానికి చోటు దొరక్క పోయింది.

"తర్వాతన్నా చెప్పాల్సింది."

"చెప్తనన్న. వాడే వద్దన్నడు. ఏమన్నడో తెలుసా? 'నీకైతే నెల దినాలు మాటలంటడమ్మా. నాకైతే ఒక్క దెబ్బతోని అయిపోతది.' తొమ్మిదేండ్ల పిల్లగాడు. ఇయాల చెప్త, రేపు చెప్త అనుకుంట పదేండ్లు గడిపిన. వాడు పోయినంక ఇగ ఏం మొఖం పెట్టుకొని చెప్తా? అందుకే ఆ పాట. అది ఆగిపోయిన కాడ దినాం వానితోని తప్పైందని చెప్పుకున్న."

ఒక్క దెబ్బతో అయిపోతుంది. ఆ మాట మదన్‌మోహన్‌కు సూటిగా తగిలింది. ఉప్పు తక్కువైతే వారం రోజులు, బిల్లు పోతే నెల రోజులు సాధించిన తన నోరు ఆయనకు గుర్తొచ్చింది. ఆ లెక్క పిల్లవాడు అంత చిన్నప్పుడే వేసుకున్నాడు. ముసలాయన మోకాళ్ళ మీద తలపెట్టుకుని, కూతురు లోపల వింటున్నదని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"వానికి నేనంటే పడకుండె," అన్నాడు చాలాసేపటికి. "నా పాటలన్నా పడకుండె. అది ఒక్కటి నేను మర్శిపోలేకపోతున్న గ్లోరీ."

గ్లోరీ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. "ఇగో, ఇటు రాన్రి. ఈ డ్రమ్ము జరపున్రి."

వరండా మూలలో, రికార్డుల గది కిటికీ కింద, గోడకు ఆనించి జొన్నల డ్రమ్ము ఉంది. ఆడవాళ్ళు బట్టలుతికి ఆరేసుకునే ఆ మూలకు ఆయన ఎన్నడూ వచ్చింది లేదు. ఇద్దరూ కలిసి డ్రమ్మును పక్కకు లాగారు.

"మూడుసార్లు సున్నం వేయించినం. మూడుసార్లూ ఈ ముక్క వదిలెయ్యమన్న."

తెల్లటి గోడ మీద నూనె మరక. రోజూ తలకు నూనె రాసుకున్న పిల్లవాడు తల ఆనించి కూర్చుంటే పడే మరక.

"లోపటికి రావద్దంటిరి గద. రాలేదు. మీరు పాట పెట్టంగనే పుస్తకాలు తెచ్చుకొని ఈడ కూసుండేటోడు. 'మోనోలనే మంచిగుంటదమ్మా' అని నాకు చెప్పేటోడు, అచ్చం మీ లెక్కనే."

మదన్‌మోహన్ కింద కూర్చుని కళ్ళజోడు సర్దుకున్నాడు. మరక ఒక్కచోట లేదు. కింద తొమ్మిదేళ్ళ పిల్లవాడు కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో మొదలై, పైకి జానెడు పొడవునా సాగింది. ఎక్కడా తెగలేదు. ఆయన వేలు పెట్టి కింది నుంచి మెల్లగా పైకి జరుపుకుంటూ పోయాడు, పదేళ్ళు.