వెచ్చగా ఉండే గోరీ

చీకటిపడ్డాక వంటవాడి గోరీ దగ్గర మా ఊళ్లో ఎవరూ బండి ఆపరు. గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠాకి వంటచేసే మనిషిని అక్కడ పాతిపెట్టారట — అదీ పూర్తిగా చావకముందే. మన్ను మీద చెయ్యి పెడితే రాత్రిపూట కూడా వెచ్చగా ఉంటుందని చెప్పుకునేవాళ్లం. అటు వెళ్తే టోపీ తీసేవాళ్లం తప్ప దగ్గరికి పోయేవాళ్లం కాదు.

తేనెటీగలు పెంచే లిండ్సే, అతని భార్య థెల్మా నాతో చెప్పిందే చెప్తున్నాను.

చుట్టూ గోధుమ చేలు, గొర్రెల బీళ్లు. మధ్యలో పొట్టి యూకలిప్టస్ చెట్ల చిట్టడవి ఒక్కటే మిగిలింది. దాని పూల మీదే లిండ్సే తేనెటీగలు బతికేది. రోడ్డు వెయ్యడానికి కావాల్సిన గ్రావెల్ కూడా దాని కిందే ఉంది. తవ్వనివ్వచ్చో లేదో తేల్చడానికి అక్కడి చెట్టూ చేమా, పిట్టా పురుగూ పరిశీలించడానికి ఇంగ్రిడ్ అనే అమ్మాయి వస్తే మేమే దగ్గరుండి తిప్పాం. గోరీ వైపు మాత్రం పోనివ్వలేదు... పోయినవాడికి మర్యాద కదా. విశేషం ఏమీ లేదని ఆమె రాసేసింది. తవ్వుకోమని అనుమతి వచ్చేసింది.

బుల్డోజర్ రావడానికి ముందురోజు, తేనెటీగలన్నీ తమ పెట్టెల్లోకి చేరాక, మొగుడూ పెళ్లాం ఆ పెట్టెలు బండికెత్తుతున్నారు. చివరి పెట్టె పట్టుకుని వెనక్కి నడుస్తూ లిండ్సే కాలు తట్టుకుని కూలబడ్డాడు. పెట్టె థెల్మా చేతిలోనే ఉండిపోయింది.

"గోరీ మీదే కూర్చున్నావు. లే," అంది థెల్మా గొంతు తగ్గించి.

"వెచ్చగా ఉంది థెల్మా..."

"తడిగా లేదు కదా, ప్యాంటు?"

అప్పుడు మట్టి గీకుతున్న చప్పుడు వినిపించింది. గర్... గర్... ఆగింది. మళ్లీ — ఈసారి సరిగ్గా అతని కిందే.

రాళ్లు కదిలాయి. గోళ్లున్న కాలొకటి బయటికొచ్చింది.

పెట్టె అక్కడే దించేసి ఇద్దరూ పరుగెత్తి బండి కింద దూరారు.

"వంటవాడేగా. ఆకలేసి లేచాడేమో," అంది థెల్మా. "డబ్బాలో శాండ్‌విచ్ ఉంది. ఇచ్చి రానా?"

"నీకేమైనా పిచ్చా?"

"వద్దంటే మనల్నే తింటాడు."

ఒక చేతిలో శాండ్‌విచ్, ఇంకో చేతిలో టార్చి పట్టుకుని వెళ్లింది. వెలుగు పడగానే గోరీ మీంచి పిడికెడంత కోడిపిల్ల దుమ్ముకొట్టుకుని దొర్లింది. లేచి నిలబడి, థెల్మాని ఎగాదిగా చూసి, పొదలోకి పరుగుతీసింది.

అది గోరీ కాదు — గూడు. ఆకులూ రాళ్లూ కుప్ప పోసి, ఆ ఆకులు కుళ్లే వేడితో గుడ్లు పొదిగించే ఒక రకం అడవికోడిది. ఆ జాతి ఇప్పుడు ఎక్కడో గాని కనబడదు; దాని గూడున్న చోట తవ్వకూడదని చట్టం.

"పిల్ల పారిపోయింది. మన మాట ఎవరు నమ్ముతారు?" అన్నాడు లిండ్సే.

"పెద్దది రాకపోతుందా?"

ఇంగ్రిడ్‌కి ఫోన్ చేసి, తెల్లారేదాకా అక్కడే కూర్చున్నారు.

బుల్డోజరూ ఇంగ్రిడ్ జీపూ ఒకేసారి వచ్చాయి. ఆ వెనకే పుంజు వచ్చింది. ఎవరినీ లెక్కచెయ్యకుండా కుప్పెక్కి, కాళ్లతో తవ్వడం మొదలెట్టింది. గ్రావెల్ ఎగిరి డ్రైవర్ బూట్ల మీద పడింది.

ఇంగ్రిడ్ బుల్డోజర్‌కి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఈ చిట్టడవిలో ఒక్క కొమ్మ కూడా కదపకూడదు," అంది.

"మరి గ్రావెల్ ఎవరు తవ్వుతారు?" అన్నాడు డ్రైవర్.

లిండ్సే అప్పటికే పెట్టెలు దించుతున్నాడు. థెల్మా వేలు పెట్టి పుంజుని చూపించింది.

"ఆయన తవ్వుతున్నాడుగా."