మావయ్య జ్వరం

తుపాకీకి సైలెన్సర్ ఉంది కాబట్టి, పక్క గదిలో మైక్రోస్కోప్ మీద వంగి ఉన్న అసిస్టెంటుకి ఏమీ వినబడలేదు. పొగ వాసన తగిలి పరుగెత్తుకొచ్చేసరికి ల్యాబ్ సగం అంటుకుని ఉంది. డాక్టరమ్మ బెంచీ పక్కన నేలమీద పడి ఉంది. ఆమె చేతిలో మూత్రం శాంపిల్ బాటిల్ అలాగే ఉంది. ఫ్రీజర్ తలుపు బార్లా తీసి ఉంది. పేషెంట్లు వచ్చీపోయే వేళ, పట్టపగలు జరిగిన హత్య అది.

ఆ డాక్టరమ్మకి ఒక తమ్ముడున్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తున్నాడనుకుంటూనే పోయింది ఆవిడ. నిజానికి అతను సీక్రెట్ ఏజెంట్. నడిస్తే చప్పుడు కాదని డిపార్ట్‌మెంటులో 'పిల్లి' అంటారు. తల్లి పోయాక తల దువ్వి, బూట్లు తొడిగి బడికి పంపింది ఆ అక్కే. పెద్దవాడయ్యాక కూడా వదల్లేదు. ఊళ్ళు పట్టుకు తిరుగుతూ నీళ్ళు తాగవు, గంటల తరబడి ఆపుకుంటావు, ఏదో ఒకరోజు బాటిల్ పట్టుకుని నా క్యూలోనే నిలబడతావు అని తిట్టిపోసేది. ఇప్పుడు తిట్టేవాళ్ళు లేరు. రెండు వారాలపాటు పిల్లికి కంటిమీద కునుకు లేదు. చంపినవాడు దొరికితే ఏం చెయ్యాలన్నదొక్కటే ఆలోచన.

ఆ తరవాత పెద్దాయన పిలిచాడు. పెద్దాయన అంటే డిపార్ట్‌మెంట్ చీఫ్. ఓదార్పు మాటలు ఆయనకి చేతకావు. టేబుల్ మీద ఒక ఫోటో పెట్టాడు. తెల్ల సూటు, నున్నగా దువ్విన జుట్టు, పెళ్ళిపెద్దలాంటి నవ్వు.

"మావయ్య," అన్నాడు.

విదేశీ ముఠా నాయకుడు. ముఠాలో అందరూ వాణ్ణి అలాగే పిలుస్తారు. పిల్లనిచ్చాడని కాదు, ఎవరింట్లో ఏమున్నా సొంతవాడిలా చనువుగా పట్టుకుపోతాడని. కొత్త మందు ఎక్కడ పుడుతోందో వాసన పట్టడం, దొంగిలించడం, కనిపెట్టినవాళ్ళని లేకుండా చెయ్యడం, వేలం వెయ్యడం వాడి వ్యాపారం. కొన్న కంపెనీ ఆ మందుని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటుంది, తమ పాత సరుకు అమ్ముడుపోవాలి కదా.

అక్క పని మూత్రనాళాల ఇన్ఫెక్షన్ మీద. పేరు చెబితే జనం ముసిముసిగా నవ్వే జబ్బు, వచ్చినవాళ్ళకి మాత్రం నరకం. ఎవరికి తోచిన మాత్ర వాళ్ళు మింగడంతో క్రిములు మొండికెత్తాయి. ఏ యాంటీబయాటిక్‌కీ లొంగని కేసులతో ఆమె వార్డు నిండిపోయింది. టీచర్లు, బస్సు కండక్టర్లు, కుట్టుమిషన్ల దగ్గర పొద్దంతా ఆపుకుని కూర్చునే ఆడవాళ్ళు. వాళ్ళకోసమే మట్టిలోంచి తీసిన ఒక బూజుతో ఆమె కొత్త మందు చేసింది. ఆ బూజుకి మూలం, ల్యాబ్ భాషలో మదర్ కల్చర్, ఒకే ఒక్క గాజు ట్యూబులో ఉంది. ఆ ట్యూబూ, తయారైన క్యాప్సూల్సూ ఇప్పుడు మావయ్య దగ్గరున్నాయి. ట్యూబు పోతే మందు లేదు. మందు లేకపోతే ఆ వార్డులో చాలామంది ఇంటికి వెళ్ళరు.

వేలం మర్నాడు పొద్దున, ఒక హోటల్ పై అంతస్తులో. కబురు పంపింది ముత్యం. ముఠాలో మన మనిషి. మెడలో ముత్యాలు, పెదాల మీద నవ్వు, హ్యాండ్‌బ్యాగులో పిస్టల్ లేకుండా ఆమెని ఎవరూ చూడలేదు.

"సొంతవాళ్ళ కేసుకి నిన్ను పంపకూడదు," అన్నాడు పెద్దాయన.

"పంపకపోతే సెలవు పెట్టి వెళ్తాను."

పెద్దాయన నిట్టూర్చి ఒక కళ్ళజోడు అందించాడు. మనుషుల ఒంటి వేడిని రంగులుగా చూపించే అద్దాలు, పరదాల వెనక నక్కినవాళ్ళని పట్టడానికి. "ట్యూబు కావాలి. మావయ్య ప్రాణాలతో కావాలి," అన్నాడు. ట్యూబు తెస్తానన్నాడు పిల్లి. రెండోదానికి జవాబు చెప్పకుండా బయటికొచ్చాడు.

మర్నాడు ఆ హాల్లో ముసలి వెయిటరొకడు ట్రే పట్టుకుని తిరుగుతున్నాడు. నెరిసిన జుట్టు, కొంచెం వంగిన నడుము, లావుపాటి కళ్ళజోడు. ముత్యం కప్పు తీసుకుని పెదవి విరిచింది.

"కాఫీ చల్లారిపోయింది."

"పాలు వేడిగానే ఉన్నాయమ్మా."

కోడ్ కలిసింది. ట్యూబు మావయ్య కోటు లోపలి జేబులో ఉందనీ, తను సైగ చేసేదాకా తొందరపడవద్దనీ గొణిగి, వాడి పక్కకి వెళ్ళి కూర్చుంది.

కొనడానికొచ్చినవాళ్ళలో బట్టతలాయన పెద్ద. మందు పనిచేస్తుందని రుజువేమిటని అడిగాడు. మావయ్య నవ్వి, తనే రుజువన్నాడు. తనకీ అదే జబ్బట, ఏ దేశం మందూ పట్టలేదట. ఈ క్యాప్సూల్స్ వేసుకోగానే మంట చేత్తో తీసేసినట్టు పోయిందట. రాయిలా ఉన్నాను, చూసుకోండి అన్నాడు.

పిల్లి అద్దాల్లోంచి చూశాడు. పరదా వెనక ఇద్దరు కాపలావాళ్ళు నారింజ రంగులో కనబడ్డారు. మావయ్య మాత్రం కుంపటిలా ఎర్రగా ఉన్నాడు. కళ్ళజోడు కిందికి జార్చి మామూలుగా చూశాడు. నుదుటి మీద చెమట. ఒక చెయ్యి నడుం పక్కన నొక్కి పట్టి ఉంది. కాళ్ళు ఒకదానిమీద ఒకటి మారుతున్నాయి.

విషయం అర్థమైంది. అక్కకి ఎవరిమీదా రానంత కోపం ఒక రకం పేషెంట్ల మీద వచ్చేది. మంట తగ్గగానే జబ్బు పోయిందనుకుని మందు మధ్యలో మానేసేవాళ్ళ మీద. మిగిలిపోయిన క్రిములు మళ్ళీ లేస్తాయి, కిడ్నీలదాకా పాకుతాయి అని నెత్తీ నోరూ కొట్టుకునేది. మావయ్య మానేశాడు. మింగిన ప్రతి క్యాప్సూలూ అమ్మకానికి తక్కువపడుతుంది కదా. దొంగసొత్తు మీద కూడా పిసినారితనం.

పిల్లికి చాలా రోజుల తరవాత నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదది. కారిడార్‌లోకి వెళ్ళి బాత్రూం తలుపుకి తాళం వేసి, 'మరమ్మతులో ఉంది' అన్న బోర్డు తగిలించాడు. చలి పుట్టేలా ఏసీని పూర్తిగా పెంచాడు. తిరిగొచ్చి మావయ్య గ్లాసు నిండా నీళ్ళు పోశాడు. జ్వరం దాహంతో మావయ్య గటగటా తాగేశాడు. మళ్ళీ పోశాడు. ఇంత మర్యాదైన వెయిటర్ ఆ హోటల్లో ఎప్పుడూ పనిచేసి ఉండడు.

వేలం పాట మధ్యలో మావయ్య లేచి వెళ్ళాడు, పళ్ళు నూరుకుంటూ తిరిగొచ్చాడు. కూర్చున్నాడు, కూర్చోలేకపోయాడు. వణుకు మొదలైంది. ముందు వేళ్ళు, తరవాత దవడ, తరవాత కుర్చీ మొత్తం. చివరికి తెల్ల సూటు మీద తడి పాకింది.

బట్టతలాయన ఫైలు మూసేశాడు. "మీకే నయం చెయ్యని మందు మాకెందుకండీ?" అని లేచాడు. మిగతావాళ్ళూ లేచారు. వాళ్ళని ఆపమని మావయ్య కాపలావాళ్ళిద్దర్నీ వెనక తరిమాడు. వాళ్ళు గడప దాటగానే పిల్లి తలుపుకి గడియ వేశాడు, నడుం నిటారుగా చేసి పిస్టల్ తీశాడు.

మావయ్య కూడా తక్కువవాడు కాదు. ఒక చేత్తో పిస్టల్, ఇంకో చేత్తో ట్యూబు లాగాడు. ఎదురుగా టేబుల్ మీద టిఫిన్లు చల్లారకుండా వెలిగించిన మంట మీదికి ట్యూబు చాచాడు. వేడి తగిలితే బూజు చస్తుందని వాడికీ తెలుసు. అదే క్షణంలో పిల్లి మెడ వెనక చల్లగా ఇనుము తగిలింది.

"సారీ పిల్లీ," అంది ముత్యం. "రెండు జీతాల్లో వీళ్ళదే ఎక్కువ."

అతను కదలలేదు. ఆమె గొంతు తగ్గించి, ఏదో మంచిమాట చెబుతున్నట్టు చెప్పింది. "మీ అక్క మంచిదే. బాటిల్ చేతికిచ్చి తలుపు వేస్తుంటే, 'మంట ఎన్నాళ్ళనించి తల్లీ?' అని అడిగింది. పేషెంటుననే అనుకుంది పాపం."

పిల్లికి కళ్ళముందు గది ఎర్రబడింది. తిరిగి ఒక్క గుండు పేలిస్తే చాలు, ఆమె ఉండదు. ట్యూబు కూడా ఉండదు. అక్కని రెండోసారి చంపినట్టవుతుంది. చీకట్లో రాయి విసిరాడు.

"మందు మధ్యలో ఆపెయ్యమని నీకు ఎవరు చెప్పారు మావయ్యా?"

మావయ్య కళ్ళు నెమ్మదిగా ముత్యం వైపు తిరిగాయి.

"పూర్తిగా వాడి ఉంటే ఈపాటికి ట్యూబు అమ్ముడుపోయేది," అన్నాడు పిల్లి. "మిగిలిన క్యాప్సూల్స్ ఎవరి హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయో అడుగు."

"నువ్వే కదే," అన్నాడు మావయ్య వణుకుతూ. "తగ్గిపోయింది, ఇక దాచుకుందాం అన్నావు."

మెడ మీద ఇనుము పక్కకి జరిగింది. ముత్యం మావయ్యకి గురిపెట్టేలోపే మావయ్య పేల్చాడు. ఆ అదురుకి రెండో చేతి వేళ్ళు సడలి, ట్యూబు మంట మీదికి జారింది. పిల్లి టేబుల్ మీదుగా దూకాడు. మంటకి జానెడు పైన ట్యూబు అతని అరచేతిలో పడింది, టేబులు తిరగబడింది. చెయ్యి కాలింది, ట్యూబు కాలలేదు.

ముత్యంలో ప్రాణం లేదు. జాలిపడదామని చూశాడు, రాలేదు. ఆమె బ్యాగులో క్యాప్సూల్స్ ఉన్నాయి. మావయ్య నేలమీద ముడుచుకుపోయి వాటికోసం చెయ్యి చాస్తున్నాడు. పిల్లి వాడి నుదుటికి పిస్టల్ ఆనించాడు. వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తుంటే చెవిలో దాచిన ఇయర్‌ఫోన్‌లోంచి పెద్దాయన గొంతు వినబడింది.

"ట్యూబు?"

"ఉంది."

"వాడు?"

పిల్లి ట్రిగ్గర్ మీంచి వేలు తీశాడు. "ఉన్నాడు."

అసిస్టెంటు ఆ బూజుని మళ్ళీ పెంచింది. మందు తయారై వార్డుకి చేరింది. కుట్టుపని చేసే ఒకావిడ అందరికంటే ముందు ఇంటికెళ్ళింది. జైలు ఆస్పత్రిలో మావయ్య మూత్రాన్ని కల్చర్ చేసి చూశారు. అదృష్టం వాడిది, క్రిమి ఆ మందుకి ఇంకా లొంగుతోంది. డోసు వేళకి పిల్లి స్వయంగా వచ్చేవాడు. క్యాప్సూల్ మింగించి, నోరు తెరిపించి చూసి మరీ వెళ్ళేవాడు. మంట తగ్గాక కూడా వచ్చాడు. జ్వరం పోయాక కూడా మానలేదు.

ఆఖరి డోసు రోజున మావయ్య కళ్ళు చెమర్చాయి. "మీ అక్క ప్రాణం తీయించినవాణ్ణి. నామీద ఇంత శ్రద్ధ ఎందుకు బాబూ?"

పిల్లి నీళ్ళ గ్లాసు అందించాడు.

"జ్వరం ఉన్నవాళ్ళని ఉరి తియ్యరట."