లైవ్‌లో గాజు తొట్టె

నీళ్ల తొట్టెలో మెజీషియన్ చనిపోవడం యాభై వేలమంది చూశారు. అందులో సగం మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

అది చూసి ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. కానీ ఎవరి మీదని కేసు పెడతాడు?

జనానికి ఆ సందేహం రాలేదు. మామగారికి సంకెళ్లు వేసి, తొట్టెలోకి దింపి, మూతకు తాళం వేసింది అల్లుడు. ఆ తాళం కూడా కొత్తది. 'బిగుసుకుపోయే తాళం తెచ్చాడు' అని ఎవడో వీడియో పెట్టాడు. దాన్ని అసలు షో కంటే ఎక్కువమంది చూశారు. ఇంకేముంది, పైనుంచి ఫోన్లు. అల్లుణ్ని లాకప్‌లో వేయక తప్పలేదు.

మూడోరోజు అతన్ని వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టర్ షో జరిగిన మెజీషియన్ ఇంటికే వచ్చాడు.

"తాళం వేశాక ఎక్కడికెళ్లావ్?"

"గేటు దగ్గరికి సార్. హారన్లు కొట్టొద్దని బళ్లవాళ్లని బతిమాలడానికి."

"తాళంచెవి?"

"నా దగ్గరుంది సార్," అంది మెజీషియన్ కూతురు. "పక్కగదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నా. కామెంట్లకి జవాబులివ్వాలిగా. సంకెళ్లు ఊడకపోతే నాన్న అద్దం తడతారు. తట్టడం చూడగానే పరిగెత్తాను. ఒట్టు సార్!"

"చప్పుడు వినపడలేదా?"

"తలుపు వేసుంది. ఇంట్లో చప్పుళ్లు మైకులో పడతాయని."

కెమెరా రికార్డింగ్ మరోలా చెబుతోంది. మెజీషియన్ అద్దం తట్టాడు. కూతురు వచ్చేసరికి నలభై సెకన్లు. తాళం మాత్రం ఒక్క తిప్పుకే వచ్చేసింది. కాబట్టి అల్లుడి తప్పేం లేదు. మరి కళ్లు వాచేలా ఏడుస్తున్న ఈ పిల్ల అబద్ధమాడుతోందా? ఇన్‌స్పెక్టర్‌కి మనసొప్పలేదు.

మూల కూర్చున్న మెజీషియన్ భార్య కల్పించుకుంది.

"హాళ్లలో ఆడినన్నాళ్లూ తొట్టెని ఆనుకుని నేనే నిలబడేదాన్ని బాబూ. మహా మొండి మనిషి, ఊపిరి ఆఖరుకొస్తేగానీ తట్టేవారు కాదు. తట్టీ తట్టగానే తీసేదాన్ని. హాళ్లకి జనం రావడం మానేశారు. ఫోన్లో ముసలిదాన్ని ఎవరు చూస్తారని నన్ను పక్కకి తప్పించారు."

ఇన్‌స్పెక్టర్ ఠక్కున తలెత్తాడు.

"మీరు తొట్టెని చూసేవారు. అమ్మాయి దేన్ని చూసింది?"

కూతురు పక్కగదిలోని కంప్యూటర్ వైపు చెయ్యి చూపింది.

బయటివాళ్లకి కనపడకుండా అల్లుడిచేత మళ్లీ లైవ్ పెట్టించాడు. కానిస్టేబుల్‌ని తొట్టె దగ్గర నిలబెట్టాడు. మిగతావాళ్లందర్నీ పక్కగదిలోకి తెచ్చి, తలుపు వేసి, ఫోన్ చేశాడు.

"అద్దం తట్టవయ్యా."

"తట్టేశాను సార్."

కంప్యూటర్‌లో కానిస్టేబుల్ చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. మీసం దువ్వుకున్నాడు. ఆవలించాడు. అరనిమిషం దాటాక, అప్పుడు తట్టాడు అద్దాన్ని.

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు.

"లైవ్ లేటుగా వెళ్తుందని నాకు తెలుసు సార్. చూసేవాళ్లకే కదా అనుకున్నా."

"ఈ గదిలో మీ ఆవిడ కూడా చూసేవాళ్లలో ఒకత్తేనయ్యా."

హత్య లేదు, హంతకుడూ లేడు. అల్లుణ్ని విడిపించాలంటే ఈ ముక్క రిపోర్టులో రాయక తప్పదు. రాస్తే రేపటికల్లా జనం ఈ పిల్ల మీద పడతారు. యాభై వేలమంది నోళ్లు మూయించడం ఏ ఇన్‌స్పెక్టర్ తరం? తన ఉద్యోగం మీద తనకే అసహ్యం వేసింది.

పెద్దావిడ కూతురి భుజం మీద చెయ్యి వేసింది. కూతురు మాత్రం స్క్రీన్ వైపే చూస్తోంది.

"సార్, నాన్న నిజంగా తట్టినప్పుడు నేనేం చేస్తున్నాను?"

ఆమె పెట్టిన కామెంట్ల టైములన్నీ ఇన్‌స్పెక్టర్ చూశాడు. తెలీదని చెబుదామనుకున్నాడు. నోరు రాలేదు.

"మీ నాన్న సూపరని ఎవరో రాశారమ్మా. వాళ్లకి థాంక్స్ చెబుతున్నావు."