కత్తిరించని మూడు సెకన్లు

"క్లిప్ శుభ్రంగా ఉందా?" అని అడిగాడు పెద్దాయన.

"అద్దంలా ఉందండీ," అన్నాడు కత్తెర.

గూఢచారి శాఖ వీడియో విభాగంలో పనిచేసే ఆ మనిషికి అసలు పేరు ఒకటుంది గానీ, జీతం కాగితం మీద తప్ప దాన్నెవరూ వాడరు. మౌసు ముట్టుకోడు, మెనూలు తెరవడు. నల్ల తెర మీద ఒక్క కమాండు కొట్టాడంటే ఎంత పొడుగు వీడియో అయినా తెగుతుంది, అతుక్కుంటుంది, అడిగిన ఫార్మాట్‌లోకి మారుతుంది. అందుకే కత్తెర అన్నారు. ఆ పేరంటే అతనికి కాస్త గర్వం కూడా ఉండేది, ఆ రోజు పొద్దుటి దాకా.

పెద్దాయన గోడ మీది ఫోటో చూపించాడు. తెల్ల సూటు, సన్నటి మెడ, సగం మూసిన కళ్లు.

"కొంగ. విదేశీ ముఠా నాయకుడు. జపం చేస్తున్నట్టే ఉంటాడు. శాంతి చర్చలకి వస్తున్న ప్రతినిధిని రేపు పొద్దున్న లేపేయాలని ప్లాను. షూటర్ ఎవరో మనకి తెలీదు. ఆపగలిగినవాడు కొంగ ఒక్కడే."

"వాడెందుకు ఆపుతాడండీ?"

"వాడి కుడిభుజం వాడి వెనకాలే వేరేవాళ్లతో బేరం పెట్టాడు. ఆ బేరాన్ని మన బాబాయి కెమెరాలో పట్టాడు. ముఖమల్ అది తనే తీశానని చెప్పి కొంగకి అందించింది. ఇవాళ మధ్యాహ్నం హోటల్ హాల్లో సేల్స్ మీటింగ్ పేరుతో ముఠానంతా కూర్చోబెట్టి, పెద్ద తెర మీద వేస్తాడట. నమ్మాడా, ప్లాను బయటికి పొక్కిందని రద్దు చేసుకుంటాడు. నువ్వు ప్రొజెక్టర్ ఆపరేటర్‌వి. చూసేవాళ్ల మొహాలన్నీ నీ చొక్కా గుండీ కెమెరాలో రికార్డవ్వాలి. వెళ్లు."

ముఖమల్ రెండు వైపులా జీతం తీసుకునే సుందరి. అసలు జీతం మనదే అని పెద్దాయన నమ్మకం. బాబాయి మాత్రం ఎవరికీ బంధువు కాడు. శాఖ క్యాంటీన్‌లో వంట చేసేవాడు. కొంగకి విషం భయం. నమ్మకమైన వంటమనిషి కోసం వెతుకుతున్నాడని తెలిసినప్పుడు, "నీ చేతి రుచికి ఎవడైనా పడిపోతాడు బాబాయ్, నువ్వే వెళ్లాలి," అని పట్టుబట్టి ఒప్పించింది కత్తెరే. కళ్లజోడులో కెమెరా పెట్టి, ఎలా నొక్కాలో నేర్పింది కూడా అతనే.

కత్తెర తన సీటుకి వచ్చి కంప్యూటర్ కట్టేయబోతూ, అలవాటుగా పైబాణం మీట నొక్కాడు. నిన్న సాయంత్రం కొట్టిన ఆఖరి కమాండు నల్ల తెర మీదికి వచ్చింది. అందులో 'కాపీ' అనే మాట ఉంది. దాన్ని రెండుసార్లు చదివాడు.

వీడియో కోయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫ్రేమ్ ఫ్రేమ్‌నీ విప్పి మళ్లీ కొత్తగా కట్టడం. ఆలస్యమవుతుంది గానీ, కోసేసింది ఏదీ లోపల మిగలదు. రెండోది కాపీ. ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టేస్తుంది, రెప్పపాటులో అయిపోతుంది. కానీ కాపీ తను అనుకున్న చోటి నుంచే మొదలుపెడుతుంది, మనం చెప్పిన చోటి నుంచి కాదు. ముందున్న ముక్కని కూడా లోపలే ఉంచేసి, 'ఇది చూపించకు' అని ప్లేయర్‌కి ఓ గుర్తు పెడుతుంది. ఇల్లు ఊడ్చి చెత్తని తలుపు వెనక్కి తోసినట్టన్నమాట. మామూలు కళ్లకి కనబడదు. తెలిసినవాడు తలుపు తీస్తే మొత్తం బయటపడుతుంది.

ఆ తలుపు వెనక ఉన్నది మూడు సెకన్లు. బాబాయి కెమెరా ఆన్ చేసి, కళ్లజోడు సరిగ్గా కూర్చుందో లేదోనని గాజు బీరువాలో తన మొహం చూసుకున్న మూడు సెకన్లు.

ఇది అతనికి తెలియని విషయమా? కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు చెప్పే పాఠమే ఇది. నిన్న సాయంత్రం మాత్రం కర్టెన్ల షాపు కట్టేసే వేళయింది. ఆ గుమ్మంలో నిలబడి భార్య రెండుసార్లు ఫోన్ చేసింది. కాపీ అని కొట్టి, ఫైలు ముఖమల్ మనిషి చేతిలో పెట్టి పరుగెత్తాడు. లేత పసుపు కర్టెన్లు కొన్నారు. బాగున్నాయి కూడా.

పెద్దాయన గది తలుపు దాకా వెళ్లాడు. లోపల ఆయన ఫోన్లో ఎవరితోనో, "మావాడు చేశాడంటే తిరుగుండదండీ," అంటున్నాడు. కత్తెర వెనక్కి తిరిగాడు. మీటింగ్ ఆగితే ప్లాను ఆగదని తనకి తాను చెప్పుకున్నాడు. అది నిజమే, కానీ అతను చెప్పకపోవడానికి కారణం అది కాదు. సిగ్గు.

* * *

హాల్లో ముప్ఫై కుర్చీలు, ఓ తెర, మూలన ఆపరేటర్ బల్ల. పెట్టుడు మీసం, హోటల్ యూనిఫాం. హాల్ లాప్‌టాప్‌లో తన సామానంతా ముందే ఎక్కించుకుని కూర్చున్నాడు కత్తెర.

ఎర్ర సిల్కు గౌనులో ముఖమల్ వచ్చింది. హాల్లో సగం తలలు ఆమెతోపాటు తిరిగాయి.

"ఏసీ కాస్త తగ్గిస్తారా?"

"రిమోట్ పై అంతస్తులో ఉందండీ." అది కోడ్‌వర్డ్. తర్వాతి మాట కోడ్ కాదు. "పెన్‌డ్రైవ్ ఏదీ? కట్ సరిగ్గా పడలేదు. ముందు మూడు సెకన్లలో బాబాయి మొహం ఉంది."

ఆమె నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్లలో మాత్రం లేదు. "వాళ్ల టెక్నీషియన్ సోడాబుడ్డి దగ్గరుంది. ఫ్రేమ్ ఫ్రేమూ విప్పి చూడమని కొంగ చెప్పాడు. నిన్న ఏం చేస్తున్నావు నువ్వు?"

"కర్టెన్లు కొంటున్నాను."

"కర్టెన్లు," అందామె మెల్లగా. ఇంకేం అనకుండా వెళ్లి కొంగ పక్కన కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదని కత్తెరకి అనిపించింది.

పక్క తలుపులోంచి బాబాయి టీ ట్రేతో వచ్చాడు. కొంగ బయట ఎక్కడికెళ్లినా అతని చేతి టీయే తాగుతాడు. అదే కళ్లజోడు, అదే చిన్న చిరునవ్వు. కత్తెర వైపు చూసీ చూడనట్టు ఒక కప్పు బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఆ కప్పు ముట్టుకోవడానికి కత్తెరకి చేతులు రాలేదు.

ముఠా టెక్నీషియన్ సోడాబుడ్డి వచ్చి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. "ముందు ఇక్కడ ఆడుతుందేమో చూడు. తర్వాత నా లాప్‌టాప్‌లో విప్పుతాను."

కత్తెర ఉన్న ప్లేయర్లలోకెల్లా పనికిమాలినదాన్ని ఎంచుకుని ఫైలు తెరిచాడు. తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి.

"ఈ ఫార్మాట్ మా సిస్టమ్‌కి పడదు సార్. మార్చాలి."

"జరుగు, నేను మారుస్తా."

"అమ్మో, వేరేవాళ్లు ముట్టుకుంటే మా మేనేజర్ ఊరుకోడు సార్. పిల్లలున్నవాణ్ణి."

ముందు వరసలోంచి కొంగ సగం కన్ను తెరిచాడు. "అతన్నే చెయ్యనీ. తొందరగా."

కత్తెర కమాండు కొట్టడం మొదలుపెట్టాడు. సోడాబుడ్డి భుజం మీదుగా వంగి చదివాడు.

"మళ్లీ మొత్తం కట్టడమెందుకు? కాపీ పెట్టు. క్షణంలో అవుతుంది."

"కాపీ పెట్టి నిన్ననే దెబ్బతిన్నాను సార్," అన్నాడు కత్తెర. సోడాబుడ్డితో అతను ఆడిన మొదటి నిజం అది. కమాండు చివర, కొత్త ఫైలు సిద్ధమవగానే పాతదాని స్థానంలోకి, పాతదాని పేరుతోనే వచ్చి కూర్చునేలా ఇంకో ముక్క తగిలించి ఎంటర్ నొక్కాడు.

ఫ్రేముల అంకె నత్తలా పాకుతోంది. ముసలి లాప్‌టాప్. సగం అయింది.

"ఇంత సేపా?" సోడాబుడ్డి పెన్‌డ్రైవ్ మీద చేయి వేశాడు. "నాకు అసలు ఫైలు చాలు. ఇటివ్వు, ఈలోపు నేను చూసేస్తా."

ఆ సమయానికి బాబాయి ట్రేతో ఇద్దరి మధ్యకి వచ్చాడు.

"సార్, మీకు చక్కెర ఒకటా, రెండా?"

"వద్దు."

"చక్కెర వద్దా, టీ వద్దా?"

"చక్కెర వద్దయ్యా."

"మొన్న రెండేయించుకున్నారు కదండీ. షుగరేమైనా వచ్చిందా? మీ వయసుకి అప్పుడే రాకూడదే. కాకరకాయ—"

"ఒకటి వెయ్యి, వెళ్లు," అని సోడాబుడ్డి కప్పు అందుకోవడానికి పెన్‌డ్రైవ్ మీంచి చేయి తీశాడు. తన ప్రాణానికి తానే అడ్డం నిలబడ్డానని బాబాయికి తెలియదు. అతను మామూలుగా చక్కెర కలుపుతున్నాడు. కత్తెర ఆ చెంచా చప్పుడు వింటూ అంకెను చూస్తున్నాడు.

చప్పుడు ఆగింది. సోడాబుడ్డి పెన్‌డ్రైవ్ లాగాడు. సరిగ్గా అంతకు ముందు క్షణంలో నల్ల తెర మీద కమాండు ముగిసి, గీత మిణుకుమంది.

తన లాప్‌టాప్‌లో ఫైలు విప్పి, మొదటి ఫ్రేము నుంచి ఒక్కొక్కటీ చూశాడు సోడాబుడ్డి. మొదటి ఫ్రేములోనే కుడిభుజం ఉన్నాడు, ఎవరికో చేయి కలుపుతూ. తలుపు వెనక ఏమీ లేదు.

"క్లీన్, బాస్."

బొమ్మ పడింది. కుడిభుజం మొహాన నెత్తురు చుక్క లేదు. కొంగ చివరి దాకా చూసి, ఫోన్ తీసి ఒక్క మాటన్నాడు. "రేపటి పని లేదు." ఆ ఫోన్ ఎవరికి వెళ్లిందో పై అంతస్తులో శాఖవాళ్లు పట్టేసుకున్నారు. కాసేపటికి వెయిటర్ల వేషంలో ఉన్న కమాండోలు కొంగని కుర్చీలోంచి లేవనివ్వలేదు.

బయటికి వెళుతూ ముఖమల్ కత్తెర పక్కన ఆగింది. "పెద్దాయనకి నేను చెప్పను. ఆ సంగతి నువ్వే చూసుకో."

* * *

ఆపరేటర్ తనని ఫైలు ముట్టుకోనివ్వలేదని పట్టుబడ్డ సోడాబుడ్డి చెప్పాడట. పెద్దాయన పతకం ప్రకటించాడు. 'బాబాయి ప్రాణం కాపాడినందుకు' అని చెక్కించాడు. కత్తెర నోరు తెరిచాడు. చప్పట్లు మొదలయ్యాయి. మూసుకున్నాడు.

బాబాయి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆ సోడాబుడ్డి ఏదో అనుమానపడ్డాడట, నువ్వే అడ్డం పడ్డావట. నీ రుణం ఎలా తీర్చుకోను నాయనా?"

కత్తెర క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పాడు. కాపీ, మూడు సెకన్లు, గాజు బీరువా, కర్టెన్లు. ఏదీ దాచలేదు.

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"ఏం రంగు?"

"లేత పసుపు."

"మీ ఆవిడకి నచ్చాయా?"

"నచ్చాయి బాబాయ్."

"పోనీలే, ఒక పనైనా పూర్తి చేశావు." అతను చేయి చాపాడు. "ఆ పతకం ఇలా తే."

ఇప్పుడది క్యాంటీన్ గోడకి మేకు కొట్టి వేలాడుతోంది. బాబాయి అందరికీ ఎక్కడ కూర్చుంటే అక్కడే వడ్డిస్తాడు, ఒక్క కత్తెరకి తప్ప. అతనికి మాత్రం పతకానికి ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి, కడుపునిండా పెడతాడు.