పెట్టె అడుగున మంచు వార్త

ట్రంకుపెట్టె అడుగున పరిచిన పాత పేపరు దులపబోయిన కుసుమకుమారికి, తన రెండెకరాల సరుగుడు తోటను మింగేసిన అబద్ధం కనబడింది.

పేపరు ఆరేళ్ళ నాటిది. ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీది మంచు తగ్గిందన్న వార్త. కాలవ కింద సేద్యానికని బాపట్ల నుంచి కర్ణాటక వలస వచ్చిన నాలుగేళ్ళకు, సింధనూరు బస్టాండులో కొనితెచ్చి భర్త యలమందయ్యే చదివి వినిపించాడు. మంచంతా కరిగి సముద్రం పొంగుతుందనీ, పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన బాపట్ల తోట మునిగిపోతుందనీ చెప్పి అమ్మించాడు. అప్పుడామెకు అక్షరం రాదు. ఆ తర్వాతే కూతురు అహల్య పక్కన కూర్చుని నేర్చుకుంది.

ఇప్పుడు కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. పేపరు పట్టుకుని వాకిట్లోకి దూసుకొచ్చింది.

యలమందయ్య పార భుజానికెత్తుకుంటున్నాడు.

"ఆ పార దించండి!"

"మన వంతు నీళ్ళొచ్చే వేళయింది. తూము దగ్గర లేకపోతే పైవాళ్ళు తిప్పేసుకుంటారే!"

"తిప్పుకోనివ్వండి! ఇది వినండి. 'ఇది ఒక్క ఏడాది కొలత. మంచు ఓ ఏడు తగ్గుతుంది, ఓ ఏడు పెరుగుతుంది. చాలా ఏళ్ళు కొలవందే ఏమీ చెప్పలేం. నీళ్ళలో తేలే మంచు కరిగినంత మాత్రాన సముద్రం పొంగదు.' ఇది నాకెందుకు చదవలేదు?"

"చిన్న అక్షరాలు... కళ్ళు ఆనలేదేమో."

"పై వరసలకు ఆనిన కళ్ళు కింద వరసలకు ఆనలేదా?"

నాట్లకొచ్చిన హనుమవ్వ గడప అవతలే ఆగిపోయింది. "ఏందమ్మా, పొద్దుగాల్నే గిట్ల కొట్లాట?"

"నా తోట పోయింది, హనుమవ్వా!"

"అయ్యో! ఎప్పుడు పోయింది?"

"ఆరేళ్ళయింది. నాకివాళ తెలిసింది." కుసుమకుమారి మొగుడి వైపు తిరిగింది. "మనం వచ్చిన మొదటి ఏడు ఈ తూముకు చుక్క నీరు రాలేదు. ఆ ఒక్క ఏడు చూసి కాలవే దండగని పోయామా? పదేళ్ళు చూశాం! ఇక్కడ తెలిసిన సంగతి మంచు దగ్గర తెలియలేదా మీకు?"

యలమందయ్య పార దించి అరుగు మీద కూలబడ్డాడు.

"తెలుసే. పేపరంతా చదివాను. ఆ మొదటి ఏడే నువ్వీ పెట్టె సర్దుకున్నావు. 'నాకు తోటుంది, నే పోతా' అన్నావు. ఒక్కసారే అన్నావు. ఏటా కాలవ కట్టేసినప్పుడల్లా నేను ఆ పెట్టె వంకే చూసేవాణ్ణి. తోట లేకపోతే ఉండిపోతావనుకున్నా. నీకు చదువు రాదని తెలిసే కింద వరసలు మింగేశాను. నీ తోటను ముంచింది నేనే, కుసుమా."